గేరు పళ్లు అరిగాయా? లెక్క వేసి కొనండి!

గది నుంచి కోచింగ్ సెంటర్‌కు, అక్కడి నుంచి లైబ్రరీకి గేర్ల సైకిల్ మీద తిరిగే ఉద్యోగార్థులు చాలామందే ఉన్నారు. పెట్రోలు ఖర్చు ఉండదు, బస్సు కోసం ఎదురుచూపులూ ఉండవు. కానీ ఏడాదో, ఏడాదిన్నరో గడిచాక ఓ రోజు ఫ్లైఓవర్ ఎక్కుతూ గట్టిగా తొక్కగానే చైను ‘టక్’మని జారుతుంది. షాపుకు తీసుకెళితే ‘తమ్ముడూ, వెనక పళ్లు పోయినయ్.. సెట్టు మార్చాలె’ అంటాడు మెకానిక్. చవకది వేయించాలా? నాలుగైదు రెట్లు పెట్టి మంచి పేరున్నది కొనాలా? ఇంటి నుంచి వచ్చే డబ్బుతో నెల గడిపేవారికి ఇది చిన్న ప్రశ్నేం కాదు. దీనికి జవాబు బ్రాండ్‌లో లేదు, లెక్కలో ఉంది. అదెలాగో చూద్దాం.

మీ సైకిల్‌కు ఉన్నదేంటి?

క్యాసెట్ అనగానే ఇంట్లో పెద్దవాళ్లకు పాత సినిమా పాటలు గుర్తుకొస్తాయి. సైకిల్ భాషలో క్యాసెట్ అంటే వెనక చక్రం మధ్యలో మెట్లు మెట్లుగా పేర్చిన పళ్లచక్రాల కట్ట. అయితే గేర్లున్న ప్రతి సైకిల్‌కూ ఉండేది క్యాసెట్ కాదు. తక్కువ ధర సైకిళ్లలో, ముఖ్యంగా 6, 7 గేర్ల వాటిలో చాలావరకు ఉండేది ఫ్రీవీల్. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఫ్రీవీల్ మరలా హబ్‌కు బిగుస్తుంది. వెనక్కి తిప్పితే ‘టిక్ టిక్’మనే యంత్రం కూడా దానిలోనే ఉంటుంది. క్యాసెట్ మాత్రం గాళ్లున్న గొట్టం మీదకు జారి కూర్చుంటుంది. ఆ గొట్టాన్ని ఫ్రీహబ్ అంటారు. ‘టిక్ టిక్’ యంత్రం ఇక్కడ హబ్‌లోనే ఉంటుంది.

ఏదో తెలుసుకోవడం తేలికే. పళ్లచక్రాల మధ్యలో విప్పే పనిముట్టు పట్టే గాళ్లు కనిపిస్తాయి. పళ్లను వెనక్కి తిప్పండి. ఆ గాళ్లు కూడా పళ్లతో కలిసి తిరిగితే క్యాసెట్, కదలకుండా ఉంటే ఫ్రీవీల్. షాపుకు వెళ్లే ముందే ఇది తెలిసుంటే తప్పు వస్తువు కొనే ప్రమాదం సగం తగ్గుతుంది. ఒకదాని చోట మరొకటి పట్టదు.

ఖరీదైతే ఎక్కువ మన్నుతుందా?

‘డబ్బు ఎక్కువ పెడితే ఎక్కువ కాలం వస్తుంది’ అని చాలా వస్తువుల విషయంలో అనుకుంటాం. క్యాసెట్ దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. జపాన్‌లోని సకాయ్ నగరంలో 1921లో మొదలైన షిమానో సంస్థనే తీసుకోండి. సైకిల్ ఫ్రీవీల్ తయారీతోనే అది తొలి అడుగు వేసింది. ఇప్పుడు దాని జాబితాలో మామూలు 7, 8 స్పీడ్ క్యాసెట్లూ ఉన్నాయి, రేసుల్లో వాడే డ్యూరా-ఏస్ లాంటివీ ఉన్నాయి. చవక క్యాసెట్‌లో పళ్లచక్రాలన్నీ ఉక్కువే. డ్యూరా-ఏస్‌లో పెద్ద పళ్లచక్రాలను టైటానియంతో చేస్తారు. మరికొన్ని ఖరీదైన క్యాసెట్లలో అల్యూమినియం కూడా వాడతారు.

ఎందుకు? బరువు తగ్గడానికి. కొండ ఎక్కే రేసులో ప్రతి గ్రామూ లెక్కే. కానీ చైను రాపిడిని తట్టుకోవడంలో ఉక్కే గట్టిది. అంటే అదనంగా పెట్టే డబ్బులో ఎక్కువ భాగం తేలికదనానికి, గేర్లు మృదువుగా మారడానికి పోతుంది. అదనపు కిలోమీటర్లకు కాదు. వీపున పుస్తకాల బ్యాగు, హ్యాండిల్‌కు టిఫిన్ బాక్సు తగిలించుకుని వెళ్లేవారికి క్యాసెట్‌లో వంద గ్రాములు తగ్గితే ఒరిగేదేముంది?

అలాగని ధర తగ్గేకొద్దీ మంచిదనీ కాదు. పేరు, మోడల్ నంబరు లేని సరకుతో రెండు ఇబ్బందులు. పళ్లకు వాడిన ఉక్కు గట్టిదనం తెలియదు, పళ్ల అంచులు సరిగ్గా మలచకపోతే గేరు మారేటప్పుడు చైను తడబడుతుంది. పేరున్న సంస్థలు తయారుచేసే అట్టడుగు మోడళ్లే మన అవసరానికి సరిపోయేవి.

అరుగుదల చైనుతోనే మొదలు

పళ్లు వాటంతటవి అరగవు. వాటిని అరగదీసేది చైను. కొత్త చైనులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం 12.7 మిల్లీమీటర్లు. పళ్ల మధ్య దూరమూ దానికి తగ్గట్టే ఉంటుంది. తొక్కేకొద్దీ దుమ్ము, ఇసుక లోపలికి చేరి పిన్నులు అరుగుతాయి. ఒక్కో లింకులో వదులు వెంట్రుకవాసే, కానీ అన్నీ కలిసి చైను పొడవు పెరుగుతుంది. ‘చైను సాగింది’ అని మనం అనేది దీన్నే. నిజానికి లోహం సాగదు, కీలు అరుగుతుంది.

పొడవు పెరిగిన చైను పళ్ల మధ్య సరిగ్గా కూర్చోదు. బరువంతా కొన్ని పళ్ల మీదే పడుతుంది. పన్ను ఒకవైపు అరిగి సొరచేప రెక్కలా వంగుతుంది. అప్పుడు కొత్త చైను వేసినా అరిగిన పళ్ల మీద నిలవదు, గట్టిగా తొక్కగానే జారుతుంది.

చిన్న పళ్లచక్రాలే ముందు ఎందుకు పోతాయన్నది ఆప్టిట్యూడ్ లెక్కలాంటిదే. అంతే పొడవు చైను దాటినప్పుడు 28 పళ్ల చక్రంలోని ఒక్కో పన్ను మీద పడే దెబ్బలకు రెట్టింపు, 14 పళ్ల చక్రంలోని ఒక్కో పన్ను మీద పడతాయి. రోజంతా ఒకే చిన్న గేరులో తొక్కేవారి క్యాసెట్ త్వరగా పోవడానికి కారణం ఇదే. ఎత్తు ఎక్కేటప్పుడు పెద్ద పళ్లచక్రానికి మారితే మోకాళ్లకూ సుఖం, పళ్లకూ సుఖం.

30 సెంటీమీటర్ల స్కేలు చాలు

చైను అరుగుదల కొలవడానికి ప్రత్యేక గేజ్‌లు దొరుకుతాయి. లేకపోయినా పర్లేదు, పొడవాటి స్కేలు చాలు. పెడల్‌ను కాస్త నొక్కిపెట్టి పైభాగం చైను బిగుతుగా ఉండేలా చూడండి. ఒక పిన్ను ఎడమ అంచు దగ్గర సున్నా పెట్టండి. ఆ పిన్నును వదిలేసి, తర్వాతి పిన్ను నుంచి 20 లెక్కపెట్టండి. ఇరవయ్యో పిన్ను ఎడమ అంచు ఎక్కడుందో చూడండి.

- 25.4 సెంటీమీటర్ల దగ్గరుంటే చైను కొత్తదానిలాగే ఉన్నట్టు.
- 25.6కు చేరితే చైను మార్చే సమయం వచ్చినట్టు. 7, 8 స్పీడ్ సైకిళ్లకు ఈ హద్దు సరిపోతుంది. 11, 12 స్పీడ్ వాటికి ఇంకా ముందే మార్చాలి.
- 25.7 దాటితే పళ్లూ దెబ్బతినే ఉండొచ్చు. క్యాసెట్ ఖర్చుకూ సిద్ధపడండి.

నెలకోసారి రెండు నిమిషాలు కేటాయిస్తే చాలు. చైను ఎన్ని కిలోమీటర్లు వస్తుందన్నది అందరికీ ఒకేలా ఉండదు. వాన నీళ్లలో, ఇసుక రోడ్ల మీద తిరిగి తుడవకుండా వదిలేస్తే రెండు వేల కిలోమీటర్లకే పోవచ్చు. శుభ్రంగా ఉంచితే అంతకు రెట్టింపూ రావొచ్చు. పాత బనీను గుడ్డతో వారానికోసారి చైను తుడవండి. కీళ్లలోకి దిగేలా ఒక్కో చుక్క నూనె వేసి, పైన మిగిలింది తుడిచేయండి. చైను మీద కనిపించే నూనె దుమ్మును పట్టుకోవడానికే పనికొస్తుంది. బైకు నుంచి తీసిన నల్లటి ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు. అందులో ఉండే లోహపు రజను చైనును మరింత అరగదీస్తుంది.

కిలోమీటరుకు ఎంత?

ఇప్పుడు అసలు లెక్క. కింది ధరలు, దూరాలు లెక్క కోసం అనుకున్నవే. మీ ఊరి షాపు ధరలు, మీ చైను వచ్చిన దూరం పెట్టి మళ్లీ వేసుకోండి. రోజుకు 12 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరిగితే నెలకు 300 కిలోమీటర్లు. అయిదేళ్లకు 18,000. చైను 500 రూపాయలు, చవక క్యాసెట్ 1,200 రూపాయలు అనుకుందాం.

మొదటి పద్ధతి: ప్రతి 3,000 కిలోమీటర్లకు చైను, మూడు చైన్లకు ఒకసారి క్యాసెట్ మార్చడం. అయిదేళ్లలో ఆరు చైన్లు, రెండు క్యాసెట్లు. మొత్తం 5,400 రూపాయలు. కిలోమీటరుకు 30 పైసలు, నెలకు 90 రూపాయలు.

రెండో పద్ధతి: ఏదీ పట్టించుకోకుండా జారేదాకా తొక్కి, 6,000 కిలోమీటర్లకు రెండూ కలిపి మార్చడం. అయిదేళ్లలో మూడు సెట్లు, 5,100 రూపాయలు. కిలోమీటరుకు దాదాపు 28 పైసలు.

అదేంటి, నిర్లక్ష్యమే చవకా? ఇక్కడే చాలామంది ఆగిపోతారు. లెక్కలో రాని ఖర్చు ఒకటుంది. సాగిన చైను వెనక పళ్లతో పాటు ముందున్న చైన్‌వీల్‌నూ తినేస్తుంది. తక్కువ ధర సైకిళ్లలో చాలావాటికి చైన్‌వీల్‌ను క్రాంక్‌కు రివెట్లతో బిగిస్తారు. ఒక్క చక్రం అరిగినా సెట్టంతా మార్చాల్సిందే. అది 1,500 రూపాయలనుకుని, అయిదేళ్లలో ఒక్కసారి మార్చినా రెండో పద్ధతి ఖర్చు 6,600 అవుతుంది. అంటే కిలోమీటరుకు 37 పైసలు. పైగా సిగ్నల్ పడగానే నిలబడి తొక్కేటప్పుడు చైను జారితే కింద పడేది మనమే. ఆ ఖర్చుకు లెక్క లేదు.

ఇక 6,000 రూపాయల క్యాసెట్ సంగతి. అన్నీ సక్రమంగా చూసుకుని, అది కూడా 9,000 కిలోమీటర్లు వచ్చినా అయిదేళ్లలో 15,000 రూపాయలు. కిలోమీటరుకు 83 పైసలు, నెలకు దాదాపు 250. చైను ఖర్చు పక్కన పెట్టి చూసినా, చవకదానితో సమానం కావాలంటే అది అయిదు రెట్లు మన్నాలి. అంటే 45,000 కిలోమీటర్లు! నెలకు 300 చొప్పున పన్నెండున్నరేళ్లు. చిన్న చిన్న పళ్ల మీద అంత నమ్మకం పెట్టుకోలేం.

ఏ లెక్కన చూసినా బైకుతో పోలిస్తే ఇది స్వల్పమే. లీటరు పెట్రోలు 105 రూపాయలు, మైలేజీ 50 కిలోమీటర్లు అనుకుంటే ఒక్క పెట్రోలుకే కిలోమీటరుకు 2 రూపాయల 10 పైసలు.

కొనేముందు చూడాల్సినవి

పాత క్యాసెట్‌లో ఎన్ని చక్రాలున్నాయో, అతి చిన్నదానికీ అతి పెద్దదానికీ ఎన్ని పళ్లున్నాయో రాసుకెళ్లండి. 11-32, 14-28 లాంటి అంకెలు ఇవే. అదే కొలత తీసుకోవడం క్షేమం. పెద్ద చక్రం ఇంకా పెద్దదైతే గేరు మార్చే పరికరానికి, చైను పొడవుకు సరిపడకపోవచ్చు. 8 స్పీడ్ హబ్ మీద చిన్న రింగు వేసి 7 స్పీడ్ క్యాసెట్ బిగించొచ్చు. కురచగా ఉండే 7 స్పీడ్ హబ్ మీద 8 స్పీడ్ పట్టదు.

‘సెట్టు మార్చాలె’ అనగానే సరే అనకండి. ‘అన్నా, ముందు చైను ఒక్కటే వేసి చూద్దాం’ అని అడగండి. రోజూ వాడే గేరులో పెట్టి గట్టిగా తొక్కి చూడండి. జారకపోతే క్యాసెట్ ఖర్చు మిగిలినట్టే. పాత చైనును కొలిచిన అంకె చెబితే మెకానిక్ కూడా మీ మాట వింటాడు. డబ్బా మీది మోడల్ నంబరు, వస్తువు మీద చెక్కిన నంబరు ఒకటేనా అని చూసుకోండి. బిల్లు తీసుకోండి.

ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది

కంపెనీల్లో కొనుగోలు, ప్రొడక్షన్, మెయింటెనెన్స్ విభాగాలు రోజూ చేసేది ఈ పనే. యంత్రం ధర ఒక్కటే చూడరు. అది ఎంతకాలం పనిచేస్తుంది, ఏ భాగం ముందు పోతుంది, చిన్న భాగాన్ని సమయానికి మారిస్తే పెద్ద భాగం ఎంతకాలం నిలుస్తుందని చూస్తారు. జీవితకాల వ్యయం, ముందస్తు మెయింటెనెన్స్ అనే మాటలు పుస్తకంలో చదివినవారు చాలామంది ఉంటారు. సొంత సైకిల్ మీద కొలిచి చూసినవారు తక్కువ.

‘ఖర్చు తగ్గించేలా మీరు తీసుకున్న నిర్ణయం ఏదైనా చెప్పండి’ అని అడిగితే ఆరు నెలల చైను కొలతలు, ఖర్చు రాసుకున్న నోటు పుస్తకం మంచి జవాబు. మెకానికల్ విద్యార్థులు పిచ్, గేరు నిష్పత్తి, లోహాల కాఠిన్యం గురించి ఇదే ఉదాహరణతో మాట్లాడొచ్చు. కామర్స్ వారికి ఇది యూనిట్ వ్యయం పాఠం. రెండో పద్ధతిలో 28 పైసలు 37 ఎలా అయ్యాయో వివరించగలిగితే, కంటికి కనిపించని ఖర్చును పట్టుకోగలరని ఎదుటివారికి అర్థమవుతుంది.

ఈ ఆదివారం స్కేలు తీసుకుని ఒక్కసారి చైను కొలవండి. వచ్చిన అంకె, తేదీ పుస్తకంలో రాసిపెట్టుకోండి. వచ్చే నెల మళ్లీ కొలవండి. మెకానిక్ చెప్పేవరకు ఆగకుండా ఎప్పుడు ఎంత ఖర్చు రాబోతోందో మీకే ముందుగా తెలుస్తుంది.