గన్నవరం నుంచి శంషాబాద్ గంటే, మరి మన ఊరి నుంచో?

పెనుగంచిప్రోలోళ్లు హైదరాబాద్‌కి విమానంలో పోవాలంటే ముందు హైదరాబాద్‌కి వీపు తిప్పి నడవాలి. గన్నవరం మనకి తూర్పున 90 కిలోమీటర్ల దాకా ఉంటది. హైదరాబాదేమో పడమర. ఫోన్లో "గంట ప్రయాణం" అని చూసి టికెట్ కొనేసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ ఒక్కసారి ఈ లెక్క చూడండి.

గన్నవరం, శంషాబాద్‌ల మధ్య రోడ్డు మీదైతే 275 కిలోమీటర్ల పైమాటే. గాల్లో తిన్నగా గీత గీస్తే 260 చిల్లర. ఈ దారిలో తిరిగే ఏటీఆర్ రకం పంకాల విమానం గంటకి 500 కిలోమీటర్ల దాకా పోద్ది. ఆ లెక్కన అరగంట చాలు కదా, టికెట్ మీద గంటెందుకు రాస్తారు? ఆ టైము గాల్లో ఉన్నంతసేపే కాదు. ఇక్కడ బయలుదేరే చోటు నుంచి కదిలిన కాణ్ణించి అక్కడ ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా పోవాలి, పైకెక్కాలి, దిగేటప్పుడు వరసలో ఉండాలి. వేగం అందుకునే లోపే దిగుడు మొదలయిద్ది.

ఇప్పుడు మన ఊరి లెక్క. నందిగామ, బెజవాడల్లో బస్సు మారి గన్నవరం చేరేసరికి రెండున్నర గంటలు. సామాను ఇచ్చే కౌంటర్ మామూలుగా గంట ముందే మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందుండాలి. విమానం ఒక గంట. దిగి సామాను తీసుకునేసరికి అరగంట. 2008 దాకా విమానం నగరం నడిమధ్య బేగంపేటలో దిగేది. ఇప్పుడు శంషాబాద్ నుంచి ఊళ్లోకి ఇంకో గంట. మొత్తం ఆరున్నర గంటలు! అదే జగ్గయ్యపేట పోయి బస్సెక్కితే అయిదు గంటల్లో తేలిపోద్ది, డబ్బులూ మిగులుతాయి.

అట్టాగని గన్నవరం మనకి పనికిరాదని నేను అనట్లేదు. రోడ్డు మీదా, విమానాశ్రయాల్లోనూ పోయే ఆ అయిదారు గంటలు దగ్గరికైనా దూరానికైనా ఒకటే. ఢిల్లీకి రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ పట్టిద్ది, విమానం రెండున్నర గంటల్లో దింపుద్ది. అక్కడ ఆ ఖర్చుకి అర్థముంది.

గల్ఫుకో, అమెరికాకో పోయేవాళ్లు రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. గన్నవరంలో ఎక్కి శంషాబాద్‌లో మారేట్టయితే రెండూ ఒకే పీఎన్‌ఆర్ మీద తీసుకోండి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే వేరే దాంట్లో పంపే బాధ్యత కంపెనీది. విడివిడిగా కొంటే రెండో టికెట్ డబ్బులు మునిగినట్టే.

రెండోది మునేరు. 2023 జులైలో ఏరు పొంగి ఐతవరం కాడ జాతీయ రహదారి మీదకి నీళ్లొచ్చి బళ్లు ఆగిపోయాయి. ఐతవరం నందిగామకి అవతల, అంటే మన గన్నవరం దారిలో ఉంది. వానాకాలంలో వీసా, ఉద్యోగం లాంటి పని పెట్టుకుని పోయేవాళ్లు ఒకరోజు ముందే బెజవాడ చేరండి, లేదా రోడ్డు మీద సీదా శంషాబాద్‌కే పోండి.

టికెట్ మీద టైము విమానానిది. మన టైము మన గడప కాడ మొదలయిద్ది.