పళ్లు లెక్కపెట్టి కొనండి

ఒక్క గేరు సైకిల్ మనకు కొత్తేం కాదు. రెండు వైపులా పాల క్యాన్లు తగిలించుకుని తెల్లారకముందే ఊరంతా తిరిగిన నల్ల సైకిళ్లు, అట్లాస్ కానీ హీరో కానీ, అన్నీ ఒక్క గేరువే. అదే సంగతి సన్న టైర్లూ రంగు రిమ్ములూ తొడుక్కుని ‘సింగిల్ స్పీడ్’ పేరుతో షోరూముకొచ్చేసరికి ఫ్యాషనైంది. ఆ సొగసు సంగతెలా ఉన్నా, రోజూ ఆరేడు కిలోమీటర్లు ఆఫీసుకు తొక్కాలనుకునేవారికి మొదటి సైకిల్‌గా ఇదే మేలని నా లెక్క. తక్కువ ధరలో గేర్ల సైకిల్ తయారు చేయాలంటే ఆ కాస్త డబ్బునీ చైన్‌ను ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపే డిరేలియర్‌కీ, షిఫ్టర్లకీ, కేబుళ్లకీ పంచాలి. వానాకాలం బురదకు ముందు మొరాయించేవీ అవే. అవి లేకపోతే ఆ సొమ్ము రిమ్ములకీ, బ్రేకులకీ, బేరింగులకీ పెట్టొచ్చు. రిపేరొస్తే వీధి చివర సైకిల్ షాపు చాలు.

అయితే ఉన్నది ఒక్క గేరే కాబట్టి అది ఎంతన్నదే అసలు ప్రశ్న. షోరూములో రంగు చూపిస్తారు, బరువు చెబుతారు, పళ్ల లెక్క మాత్రం అడిగితే తప్ప చెప్పరు. పెడళ్ల దగ్గరున్న చైన్‌వీల్ పళ్లను వెనక ఫ్రీవీల్ పళ్లతో భాగించండి. 44కి 18 అయితే 2.44 వస్తుంది. అంటే పెడల్ ఒక్క చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.15 మీటర్లనుకుంటే బండి ఐదుంపావు మీటర్లు ముందుకెళ్తుంది. నిమిషానికి 65 చుట్లు తొక్కితే వేగం గంటకు 20 కిలోమీటర్లు. సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగే నగరంలో ఇంతకు మించి ఏం చేసుకుంటాం? 46కి 16 ఉన్న సైకిల్ చుట్టుకు ఆరు మీటర్లు దాటుతుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ ఆగి బయల్దేరిన ప్రతిసారీ ఆ భారం మోకాళ్ల మీదే. విజయవాడ బందరు రోడ్డు లాంటి చదునులో అదీ నడుస్తుంది, బంజారాహిల్స్‌లో నడవదు.

ఎక్కుడు మాటేమిటని అడుగుతారు. ఫ్లైఓవర్ లాంటి చిన్న మిట్టయితే సీటు మీంచి లేచి తొక్కితే సరి. ఇంకా బరువనిపిస్తే ఫ్రీవీల్ మార్చి 20 పళ్లది వేయించుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు. 1937 దాకా టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసులో డిరేలియర్లకు అనుమతి లేదు. కొండ మొదట్లో దిగి, వెనక చక్రం విప్పి, రెండో వైపున్న పెద్ద పళ్లచక్రానికి తిప్పుకుని మరీ ఆల్ప్స్ ఎక్కేవారు. అంత తంటా మనకెందుకు? విశాఖలో కొండవాలు మీద ఇల్లుండి రోజూ పొడుగాటి ఎక్కుడు తప్పదంటే, నిక్షేపంగా గేర్ల సైకిలే కొనుక్కోండి.

ఇక ఫిక్స్‌డ్ గేర్. దీనికి ఫ్రీవీల్ ఉండదు, చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరగాల్సిందే. పల్లంలో కాళ్లు ఆపబోతే పెడలే కాళ్లను ఎగదోస్తుంది. సైకిల్ మీద పట్టు దీనితోనే దొరుకుతుందని అభిమానులు అంటారు, అందులో నిజముంది. కాళ్లతోనే వేగం తగ్గించొచ్చనీ అంటారు. కానీ ఆపేటప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది, వెనక టైరు జారుతుంది. అందుకే బ్రిటన్ చట్టం ఇలాంటి సైకిల్‌కు ముందు బ్రేకు ఉండి తీరాలంటుంది. 2016లో లండన్‌లో ఆ బ్రేకు లేని సైకిల్ ఢీకొని ఒక పాదచారి చనిపోయారు, తొక్కినవాడికి 18 నెలల జైలు పడింది. మన రోడ్ల మీద ఇంకో చిక్కు. గుంతో స్పీడ్ బ్రేకరో వస్తే పెడళ్లు సమంగా ఆపి కాస్త పైకి లేస్తాం, ఫిక్స్‌డ్‌లో ఆ వీలే లేదు. మోజు తీరకపోతే రెండు రకాలకూ పనికొచ్చే ఫ్లిప్‌ఫ్లాప్ హబ్ ఉన్నది కొని, మొదటి ఏడాది ఫ్రీవీల్ వైపే నడపండి.

కొనే రోజు చైన్‌ను మధ్యలో వేలితో నొక్కి చూడండి, సెంటీమీటరు మేర ఆడాలి. ఫ్రేముకు మడ్‌గార్డు, క్యారియర్ బిగించే బోల్టు రంధ్రాలున్నాయేమో వెతకండి. అవి లేని సైకిల్ ఎంత అందంగా ఉన్నా, జూలైలో ఆఫీసు చేరేసరికి వీపంతా బురదే.