అంబాసిడర్‌ను విప్పి చూస్తే

అంబాసిడర్ బానెట్ ఎత్తితే ఇంజన్ పక్కనుంచి కింద నేల కనిపిస్తుంది. అంత ఖాళీ ఉంటుంది అందులో. కార్బరేటర్ ఎక్కడుందో, కాయిల్ ఎక్కడుందో, ఏ తీగ ఎక్కడికి పోతోందో వేలు పెట్టి చూపించవచ్చు. దాచే ప్లాస్టిక్ మూతలు లేవు, కంప్యూటర్ లేదు. పదో తరగతి చదివే కూతురికి ఇంజన్ అంటే ఏమిటో చెప్పాలనుకునే తండ్రికి మన దేశంలో ఇంతకంటే మంచి కారు దొరకదు. షెడ్డు మూలన ఏళ్ల తరబడి దుమ్ము పట్టిన పాత మార్క్-2 అయితే మరీ మంచిది. దాన్ని మళ్లీ నడిపించాలంటే ప్రతి భాగాన్నీ విప్పాల్సిందే.

ఈ కారు పుట్టిల్లు ఇంగ్లండు. మారిస్ కంపెనీ 1956లో ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 అనే కారును అక్కడ బజారులోకి తెచ్చింది. బి.ఎం. బిర్లా 1942లో స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్ అప్పటికి గుజరాత్‌లోని ఓఖా రేవు నుంచి కలకత్తా దగ్గరి ఉత్తరపారాకు మారి, మారిస్ కార్లనే పేర్లు మార్చి తయారు చేస్తోంది. ఆ సిరీస్-3 అంబాసిడర్ అయింది. సొంత ఊళ్లో మూడేళ్లకే ఆగిపోయిన ఆ కారు ఉత్తరపారాలో 2014 మే దాకా తయారవుతూనే ఉంది. ఇంజన్లు మారాయి, డీజిల్ వచ్చింది, ఇసుజు ఇంజన్ వచ్చింది, గుండ్రటి ఒళ్లు మాత్రం అదే. 2017లో ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో కంపెనీ అంబాసిడర్ పేరును 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది.

పాత పెట్రోలు అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజన్‌ను తక్కువగా చూడకూడదు. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ ఇంజన్ అది. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారును పరుగెత్తించింది కూడా ఈ 1489 సీసీ ఇంజనే. అందుకే దీని మరమ్మతు కిటుకులు, కొన్ని విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. దొరకని బుష్షును విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లేత్ మిషన్ మీద తీయించుకోవచ్చు.

పని మాత్రం ఇంజన్‌తో కాదు, తుప్పుతో మొదలుపెట్టాలి. లారీకి ఉన్నట్టు ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు. నేల రేకు, తలుపుల కింది అంచులు, పైకప్పు అన్నీ కలిసే బరువు మోస్తాయి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో నిలిచిన బండికి ఉప్పుగాలి ముందు తినేది ఆ కింది అంచులనే. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిస్తే తుప్పు పడుతుందని అమ్మాయి పుస్తకంలో చదువుకునే ఉంటుంది. ఉప్పు నీటిలో విద్యుత్తు తేలిగ్గా పారుతుంది కాబట్టి అదే చర్య వేగం పుంజుకుంటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే బిస్కెట్టులా విరిగే రేకును చూశాక ఆ పాఠం ఇక మరిచిపోదు. కుళ్లిన రేకును కోసే ముందు తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప కడ్డీ వెల్డింగ్ చేయించాలి. అలా చేయకపోతే ఒళ్లు కుంగిపోతుంది, కొత్త రేకు వేసినా తలుపు పడదు. లోపల కుళ్లు వదిలేసి పైన పుట్టీ నింపి రంగు కొట్టడం కారుకు చేసే అన్యాయం.

తర్వాత కార్బరేటర్. పాత మార్కుల్లో ఉండే ఎస్‌యూ కార్బరేటర్ గొప్ప ఊహ. ఇరవయ్యో శతాబ్ది తొలి ఏళ్లలో ఇంగ్లండులో స్కిన్నర్ అన్నదమ్ములు దీన్ని రూపొందించారు. వాళ్ల ఇంటి వ్యాపారం చెప్పులు, బూట్లు. మొదటి కార్బరేటర్లలో కదిలే భాగాన్ని తోలు తిత్తితో చేశారు. తర్వాత దాని స్థానంలో లోహపు పిస్టన్ వచ్చింది. ఇంజన్ ఎక్కువ గాలి లాగితే పిస్టన్ పైకి లేస్తుంది. దాని అడుగున ఉన్న సూది కొస వైపు సన్నబడుతూ ఉంటుంది కనుక, పైకి లేచినకొద్దీ జెట్ రంధ్రం తెరుచుకుని పెట్రోలు ఎక్కువ వస్తుంది. గాలికి తగ్గ పెట్రోలు దానంతటదే కొలిచి పోసే ఏర్పాటు ఇది. శుభ్రం చేశాక పిస్టన్‌ను వేలితో ఎత్తి వదిలితే టక్కున చప్పుడు చేస్తూ కూర్చోవాలి. ఎక్కడైనా పట్టేస్తే మళ్లీ విప్పాలి.

పెట్రోలు దారి పూడుకుపోవడం కార్లు పుట్టిన నాటి నుంచీ ఉన్న బాధే. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ 15, 13 ఏళ్ల కొడుకులిద్దరినీ ఎక్కించుకుని, భర్తకు చెప్పకుండా మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు సుమారు వంద కిలోమీటర్లు కారు నడిపింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి గుచ్చుకునే సూదితో పొడిచి బాగుచేసుకుంది. అరిగిన బ్రేకుకు చెప్పులు కుట్టేవాడితో తోలు వేయించింది. స్పానర్ ఆడపిల్ల చేతి పనిముట్టు కాదనేవాళ్లకు కారు చరిత్ర మొదటి పేజీల్లోనే జవాబుంది.

ఇక డెల్కో. మెకానిక్కులు అలా పిలిచే డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపల రోటర్, దాని కింద ఒకదానికొకటి తగిలే రెండు చిన్న పాయింట్లు ఉంటాయి. ప్లగ్గులు విప్పేసి, తండ్రి హ్యాండిల్‌తో ఇంజన్‌ను మెల్లగా తిప్పుతాడు. పాయింట్లు పూర్తిగా విడిపోయిన చోట ఆపి ఫీలర్ గేజ్ అమ్మాయికి ఇస్తాడు. పదిహేను థౌ, అంటే మిల్లీమీటరులో పదో వంతులు నాలుగు కూడా నిండని రేకు.

"దూరుతోందా తల్లీ?"

"దూరుతోంది నాన్నా. లాగితే కొంచెం పట్టుకుంటోంది."

అలా పట్టుకోవాలి. వదులుగా జారితే గ్యాప్ ఎక్కువైనట్టు, దూరకపోతే తక్కువైనట్టు.

పాయింట్లు కలిసి ఉన్నప్పుడు బ్యాటరీ కరెంటు కాయిల్‌లో పారి అయస్కాంత క్షేత్రం నింపుతుంది. విడిపోయిన క్షణంలో అది కుప్పకూలి, పక్కన వేల చుట్లున్న సన్నని తీగలో వేల వోల్టులు పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ దీని వల్లే ఎగురుతుంది. ఇంజన్ నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగితే పాయింట్లు సెకనుకు వందసార్లు విడిపోవాలి. ఆ లెక్క అమ్మాయి చేతే కట్టిస్తే బాగుంటుంది: నాలుగు సిలిండర్లు, రెండు చుట్లకు ఒక్కో సిలిండర్‌కు ఒక రవ్వ.

బ్యాటరీతో నడిచే ఈ పద్ధతిని అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ డెల్కో కంపెనీలో రూపొందిస్తే, 1910 మోడల్ కాడిలాక్ కార్లు వాడాయి. అదే కెట్టరింగ్ తర్వాత జనరల్ మోటార్స్ పరిశోధనశాలకు పెద్దగా ఉండగా, 1921లో అక్కడి థామస్ మిడ్గ్లీ పెట్రోలులో సీసం కలిపితే ఇంజన్ కొట్టుకోదని కనిపెట్టాడు. ఆ సీసం ప్రపంచమంతా పిల్లల మెదళ్లకు హాని చేసింది. మన దేశం 2000లో దాన్ని నిలిపేసింది. అయితే పాత ఇంజన్లలో మెత్తటి వాల్వు సీట్లను అరగకుండా కాపాడింది కూడా ఆ సీసమే. అందుకని హెడ్డు దించినప్పుడే గట్టి లోహపు సీట్లు వేయించుకోవడం మేలు. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరును తినేస్తుంది కనుక గొట్టాలూ మార్చాలి.

డీజిల్ ఇంజన్ వేసేస్తే పోలా అనే సలహా ఈ దశలో చాలామంది ఇస్తారు. వినకూడదు. కేంద్రం 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చని బండికే వింటేజ్ గుర్తింపు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20 వేల రూపాయలు, నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అక్షరాలు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప రోజువారీ తిరుగుడుకు రోడ్డెక్కకూడదు.

రోడ్డెక్కే ముందు బ్రేకులున్నాయి. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ప్రమాదం. గాలి కొట్టి ఊదకూడదు, తడిపి తుడవాలి. ఆ పని తండ్రి మాస్కు కట్టుకుని చేయాలి. సిలిండర్లకు కొత్త రబ్బర్లు వేశాక గాలి తీయడానికి మాత్రం ఇద్దరు కావాలి: ఒకరు పెడల్ తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర నిపుల్ విప్పి బిగించాలి. కారు లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి కాబట్టి అమ్మాయి స్టీరింగ్ పట్టడానికి ఇంకా మూడేళ్లుంది. నిపుల్ దగ్గర ఆమే కూర్చుంటుంది.