దొడ్డిగుమ్మానికీ గడియ ఉండాలి

పొన్నూరులో మా తోటికోడలు పండుమిరప పచ్చడి పెట్టి అమ్ముతుంది. వాళ్లబ్బాయి ‘డాట్ కామ్’ పేరు కొనిపెట్టాడు. "‘డాట్ ఇన్’ కూడా తీసుకోవే" అన్నాను. "దండగక్కా" అంది. ఆర్నెల్లకి అదే పేరుకి ‘డాట్ ఇన్’ తగిలించి ఎవరో కొనేశారు. ఆర్డర్లు కొన్ని అటు పోయాయి!

సత్యం ఇన్ఫోవే వేసిన ‘సిఫీ’ కేసులో 2004లోనే సుప్రీంకోర్టు, వ్యాపారపు పేరుకున్న రక్షణే డొమైన్ పేరుకీ ఉంటుందంది. 2005 నుంచి ‘డాట్ ఇన్’ అందరికీ దొరుకుతోంది, తగువు తీర్చే పద్ధతీ ఉంది. కానీ తగువు ఖర్చు ముందు ఏటా కట్టే రుసుమెంత?

అలాగని అన్ని దేశాల తోకలూ అక్కర్లేదు. పేర్లు కొని అమ్ముకునేవాళ్లకైనా అంతే. గిరాకీ ఉన్న దేశానిది చాలు. వీధిగుమ్మం వేసుకుని దొడ్డిగుమ్మం తెరిచి పడుకుంటామా, చెప్పండి?