మఱపు వచ్చిన పెద్దలకు ఇంటి యాటలు

వార్ధక్యమున మఱపు ముదిరిన పెద్దలను ఒకచోట కూర్చుండబెట్టి కదలనీయకుండుటయే సంరక్షణమని పెక్కండ్రు తలంతురు. మేమును అట్లే తలంచితిమి. మా యత్తగారికి 78 ఏండ్లు. భోజనము చేసిన గడియకే చేయలేదనుచుందురు. పడిపోవుదురేమో యను భీతిచే మేము వారిని మంచము దిగనీయమైతిమి. నాలుగు మాసములలో వారి కాళ్లు సత్తువ తప్పినవి, మాటయు తగ్గెను. ఆ తప్పు మాదే.

వృద్ధులు శక్తికొలది వారమునకు 150 నిమిషములైనను శరీరశ్రమ చేయవలెననియు, కనీసము 3 దినములు నిలుకడ నిచ్చు అభ్యాసములు చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020వ సంవత్సరమున సూచించిరి.

వైద్యుని యనుమతి గొని మేమిట్లు చేయుచున్నాము. ఉదయమున గోడకానించిన కుర్చీలో వారిని కూర్చుండబెట్టి గుడ్డబంతి విసరుదుము. వారు పట్టి మరల వేయుదురు. పిమ్మట మేము ప్రక్కన నిలిచియుండ, కుర్చీచేతులు పట్టుకొని 5 మారులు లేచి కూర్చుందురు. సాయంకాలము వామనగుంటల పీట వేయుదుము. 14 గుంటలలో చింతగింజలు పంచుట వ్రేళ్లకును బుద్ధికిని పని. గింజలు నోట వేసికొనకుండ కనిపెట్టి యుండవలెను. ఒక్కపరి 10 నిమిషములు మించనీయము. లెక్క తప్పినను దిద్దము.

ఈ యాటలు మఱపును మాన్పవు. కాని మొన్న మా పేరు మఱచిన యత్తగారే, గింజలు మా చేత బోసి, "ఇక నీ వంతే, అమ్మాయీ!" యనిరి. మాకదియే చాలును.