గుండె లయకు మందు – మూత్రపిండముల జాగ్రత్త

గుండె పై గదులు క్రమము తప్పి అదరినపుడు నాడి తడబడును. అట్టి రోగులలో కొందరికి వైద్యులు డిజాక్సిన్ ఇత్తురు. 1785లో ఇంగ్లండు వైద్యుడు విలియం విదరింగ్ గ్రంథస్థము చేసిన డిజిటాలిస్ జాతి మొక్కలనుండియే ఈ మందు లభించినది. ఇది వేగస్ నాడి ప్రభావమును హెచ్చించి, పై గదులనుండి క్రింది గదులకు పోవు సంకేతములను తగ్గించును, నాడి నెమ్మదించును.

అయితే దీనిని ముఖ్యముగా బయటికి పంపునవి మూత్రపిండములు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానమున, కవిటి, సోంపేట ప్రాంతములలో మూత్రపిండ వ్యాధి ప్రబలియున్న సంగతి మన మెరుగుదుము. అవి దెబ్బతిన్నచో నిన్నటి మందు నేడును రక్తమున నిలిచి, మేలు చేయు మోతాదే విషము కావచ్చును. ఆకలి నశించుట, వాంతులు, చూపు పచ్చబడుట, నాడి మరీ మందగించుట దాని గుర్తులు.

కావున వైద్యునికి మూత్రపిండముల స్థితిని ముందే తెలుపుదము. మోతాదును మనంతట మనము మార్చకుందము.