ప్రాథమికోన్నత తరగతుల్లో తెలుగు: ప్రాజెక్టు పని - ఆశయం, ఆచరణ

వ్యాససంగ్రహం:
ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల తెలుగు వాచకాలలో ప్రతి పాఠం చివర కనిపించే ‘ప్రాజెక్టు పని’ విద్యార్థి ఇంటి భాషకూ, బడి భాషకూ మధ్య వంతెనగా రూపొందిన అభ్యాసం. ఆచరణలో అది చాలాచోట్ల నకలు రాతగా మారింది. ఈ మార్పునకు కారణం విద్యార్థి అశ్రద్ధ ఒక్కటే కాదు, అడిగే ప్రశ్న స్వరూపంలోనే ఉందన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన. పాఠ నిర్మాణం, పదసేకరణ, వ్యాకరణ బోధన, మూల్యాంకనం అనే నాలుగు కోణాల నుంచి ఈ అంశాన్ని వివరించడం వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రాథమికోన్నత విద్య, తెలుగు వాచకం, ప్రాజెక్టు పని, మాండలికం, వృత్తి పదజాలం, మూల్యాంకనం.

1. ప్రవేశిక:
తెలుగులో మాండలిక పరిశోధన, జానపద పరిశోధన అనగానే విశ్వవిద్యాలయాలు గుర్తుకు వస్తాయి. అయితే సామెతలు సేకరించడం, ఊరి పెద్దలను అడిగి కథలు రాసుకోవడం, వృత్తిపనివారి మాటలను పట్టికగా కూర్చడం వంటి పనులు నేడు పదకొండు నుంచి పద్నాలుగేళ్ల వయసున్న పిల్లల తెలుగు తరగతిలో భాగం. పరిశోధకుడు క్షేత్రపర్యటనలో చేసే పనికీ, ఏడో తరగతి విద్యార్థి ప్రాజెక్టు పేరుతో చేయవలసిన పనికీ స్వభావంలో తేడా లేదు, స్థాయిలోనే తేడా. అందువల్ల ఈ అభ్యాసం ఎలా సాగుతోందన్నది బడి ఉపాధ్యాయులకే కాక, తెలుగు పరిశోధకులకు, అధ్యాపకులకు కూడా పట్టించుకోవలసిన విషయం.

2. ప్రాథమికోన్నత దశ - విధాన నేపథ్యం:
విద్యాహక్కు చట్టం (2009) ఆరు నుంచి ఎనిమిది తరగతులను ప్రాథమికోన్నత స్థాయిగా పరిగణించింది. జాతీయ విద్యావిధానం (2020) ప్రతిపాదించిన 5+3+3+4 నిర్మాణంలో ఈ మూడు తరగతులే మాధ్యమిక దశ. ఈ దశలో పది రోజులపాటు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తి నిపుణుల దగ్గర పని నేర్చుకొనే అవకాశం పిల్లలకు కల్పించాలని కూడా ఆ విధానం సూచించింది. బడిలో నేర్చే జ్ఞానాన్ని బడి వెలుపలి జీవితంతో ముడిపెట్టాలన్న సూత్రం అంతకుముందే జాతీయ విద్యాప్రణాళిక చట్రం (2005)లో ఉంది. దాని వెలుగులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో రాష్ట్ర విద్యాప్రణాళిక చట్రాన్ని రూపొందించుకొని, తరువాతి సంవత్సరాలలో వాచకాలను మార్చింది. తెలుగు వాచకంలోని ప్రాజెక్టు పనికి మూలం ఈ ఆలోచనే.

ఈ దశకు భాషాపరంగా మరొక ప్రత్యేకత ఉంది. ఐదో తరగతి వరకు పిల్లలు ప్రధానంగా చదవడం నేర్చుకుంటారు. ఆరో తరగతి నుంచి చదవడం ద్వారా నేర్చుకోవలసి వస్తుంది. పద్యం, ప్రాచీన కావ్యభాగం, వ్యాసం, లేఖ, ఇంటర్వ్యూ వంటి ప్రక్రియలు ఒకదాని వెంట ఒకటి ఎదురవుతాయి. వాటి భాష ఇంట్లో మాట్లాడే భాషకు దూరమవుతూ ఉంటుంది. ఆ దూరాన్ని పూరించే సాధనం లేకపోతే విద్యార్థి తెలుగును తనకు తెలిసిన భాషగా కాక, కంఠస్థం చేయవలసిన మరో పాఠ్యాంశంగా చూడడం మొదలుపెడతాడు.

3. పాఠం నిర్మాణం:
రెండు తెలుగు రాష్ట్రాల వాచకాలలోనూ పాఠం సాధారణంగా ఒక బొమ్మతోనో, చిన్న కవిత లేదా సంఘటనతోనో మొదలవుతుంది. దానిపై ఆలోచింపజేసే ప్రశ్నలు, పాఠం ఉద్దేశం, నేపథ్యం, కవి లేదా రచయిత పరిచయం, తరువాత పాఠ్యభాగం ఉంటాయి. పాఠం ముగిశాక అభ్యాసాలు వస్తాయి. శీర్షికలలో స్వల్ప భేదాలున్నా వాటి సారం ఒకటే: అవగాహన - ప్రతిస్పందన, వ్యక్తీకరణ - సృజనాత్మకత, పదజాలం, భాషాంశాలు, చివరగా ప్రాజెక్టు పని.

ఈ వరుసకు ఒక తర్కం ఉంది. మొదటి అభ్యాసంలో విద్యార్థి పాఠంలో ఉన్నదాన్ని గ్రహిస్తాడు. రెండో దానిలో పాఠం ఆధారంగా తన ఆలోచన రాస్తాడు. పదజాలం, భాషాంశాలు పాఠంలోని మాటలను, వాక్యాలను విడదీసి చూపుతాయి. ఈ అభ్యాసాలన్నీ పుస్తకం లోపలి నుంచి పుస్తకం లోపలికే నడుస్తాయి. ప్రాజెక్టు పని ఒక్కటే విద్యార్థిని పుస్తకం బయటికి పంపి, అక్కడ దొరికినదాన్ని తరగతిలోకి తెమ్మంటుంది. తక్కిన అభ్యాసాలలో సమాధానం ఉపాధ్యాయుడికి ముందే తెలుసు. ఇక్కడ విద్యార్థి తెచ్చినది ఉపాధ్యాయుడికి కూడా కొత్త కావచ్చు. ప్రాజెక్టు పని విలువ ఈ అవకాశంలోనే ఉంది.

4. పదసేకరణ - ఒక ఉదాహరణ:
భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ పదాల సంపుటి 1962లో, చేనేత పదాల సంపుటి 1971లో వెలువడ్డాయి. ఒకే పనిముట్టుకు, ఒకే పనికి ప్రాంతాన్ని బట్టి వాడే వేరువేరు మాటలను పనివారి నోటనే విని నమోదు చేయడం ఆ కృషిలోని పద్ధతి. తరగతి స్థాయిలో ఈ పద్ధతిని అనుసరించడం కష్టమేమీ కాదు.

ఉదాహరణకు ‘మీ ఇంట్లో వేరుశనగను ఏమంటారు?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. తెలంగాణ పిల్లల నుంచి ‘పల్లికాయ’, రాయలసీమ పిల్లల నుంచి ‘శెనక్కాయ’, ‘బుడ్డలు’ అన్న మాటలు వస్తాయి. కోస్తాలో ‘ఆనపకాయ’ అయినది రాయలసీమలోనూ, తెలంగాణలోనూ ‘సొరకాయ’ అవుతుంది. ‘గోంగూర’ తెలంగాణలో ‘పుంటికూర’. ఉపాధి కోసం ఊరు మారిన కుటుంబాల పిల్లలు ఒకే తరగతిలో ఉన్నచోట ఈ భేదాలన్నీ ఒక్క పీరియడులోనే బయటపడతాయి. గోండి, కొలామి, కోయ, సవర, లంబాడి మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలుంటే పట్టికలో మరో గడి చేరుతుంది. భాష ఒకేచోట ఒకే రూపంలో ఉండదన్న ప్రాథమిక భాషాశాస్త్ర సత్యాన్ని నిర్వచనం చెప్పకుండానే బోధించే మార్గమిది.

వృత్తి పదాల విషయంలో ప్రయోజనం మరింత లోతైనది. పిల్లలు వాచకాలలో, పత్రికలలో చదివే అనేక జాతీయాలు వృత్తుల నుంచి పుట్టినవే. ఒక విషయం మరొకదానితో పడుగుపేకల్లా అల్లుకుందని చదివిన విద్యార్థి ఆ మాటను అలంకారంగానే ఎరుగును. పోచంపల్లిలోనో, చీరాలలోనో, వెంకటగిరిలోనో మగ్గం ఉన్న ఇంటి పిల్లకు పడుగు అంటే నిలువు దారాలని, పేక అంటే అడ్డంగా నేసే దారాలని, పేకను అటూ ఇటూ చేరవేసేది నాడె అని కళ్లారా చూసి తెలుసు. ‘కాడి దించాడు’ అన్న ప్రయోగం కూడా అలాంటిదే. కాడి, మేడి, కర్రు, నొగ అన్న మాటలు తెలిసిన వారి సంఖ్య ట్రాక్టరు వచ్చాక ఏటేటా తగ్గుతోంది. తాతలు, నాయనమ్మల తరంతో పోయే మాటలను ఆ తరం ఉండగానే రాసుకోగల స్థితిలో ఉన్నది ఆ ఇంట్లోని ఏడో తరగతి పిల్లలే.

ఇందులో సామాజిక కోణం కూడా ఉంది. తల్లిదండ్రులు చదువుకోని ఇంటి నుంచి వచ్చిన విద్యార్థి తక్కిన అభ్యాసాలన్నింటిలో వెనుకబడి ఉండవచ్చు. పదసేకరణలో మాత్రం అతని ఇల్లే గ్రంథాలయం. తన తల్లి మాట నల్లబల్ల మీద ఎక్కడం ఆ పిల్లవాడికి మార్కులను మించిన గుర్తింపు.

5. ఆచరణలో జరుగుతున్నది:
‘పది సామెతలు సేకరించి రాయండి’, ‘ఒక కవి జీవిత విశేషాలు సేకరించండి’, ‘జానపద గేయాన్ని సేకరించి పాడండి’ అన్న తీరులో ప్రాజెక్టు ప్రశ్నలు కనిపిస్తాయి. వీటికి సమాధానాలు గైడ్లలో సిద్ధంగా ఉంటాయి. లేకుంటే ఫోనులోనో, నెట్ సెంటరులోనో దొరుకుతాయి. నిర్మాణాత్మక మూల్యాంకనం తేదీ దగ్గరపడగానే విద్యార్థులు వాటిని తెల్లకాగితాలపై అందంగా ఎత్తిరాసి, రంగు గీతలు గీసి సమర్పిస్తారు. తరగతి మొత్తం ఒకే పది సామెతలు తెచ్చినా ఆశ్చర్యపడనవసరం లేదు.

దీనికి మూడు కారణాలను గుర్తించవచ్చు. మొదటిది ప్రశ్న స్వరూపం. ‘పది సామెతలు’ అన్న ప్రశ్న సంఖ్యను అడుగుతోంది కాని సందర్భాన్ని అడగడం లేదు. పుస్తకంలో సమాధానం దొరికే ప్రశ్నకు పుస్తకం నుంచి సమాధానం తెచ్చిన విద్యార్థిని తప్పుపట్టలేము. రెండోది సమయం. సేకరణకు కొన్ని రోజులు, తరగతిలో చర్చకు కనీసం ఒక పీరియడు కావాలి. పాఠ్యప్రణాళిక పూర్తి చేయవలసిన ఒత్తిడిలో ఆ పీరియడు మిగలదు. మూడోది ఎక్కువ లోతైన కారణం. ‘అట్ల అనగూడదు, సరిగా మాట్లాడు’ అన్న దిద్దుబాటును ఏళ్ల తరబడి విన్న పిల్లవాడు ఇంటి మాటను బడికి తేవడానికి జంకుతాడు. గైడులోని భాష అతనికి సురక్షితంగా తోస్తుంది.

ఈ మూడో కారణం తెలుగు విద్యకు కొత్త కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి (1863-1940) సవర భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు రాశారు. బడిలో నేర్పే తెలుగుకూ, జనం మాట్లాడే తెలుగుకూ ఉన్న అంతరాన్ని ప్రశ్నించారు. వ్యావహారిక భాషోద్యమం ఒక విధంగా తరగతి గదిలో పుట్టిన సమస్యే. వాచకం నేడు వ్యావహారికంలో ఉంది. అయినా అది ఒక ప్రామాణిక వ్యావహారికమే. ఆగస్టు 29న గిడుగు జయంతిని తెలుగు భాషాదినోత్సవంగా జరుపుకొనే బడిలోనే పిల్లవాడి మాండలికం తప్పుగా నమోదవుతుంటే ఆ ఉద్యమం సగంలో ఆగినట్లే.

6. మారిన బోధనా మాధ్యమం:
తెలంగాణ ప్రభుత్వం 2018లో చట్టం చేసి, 2018-19 విద్యాసంవత్సరం నుంచి దశలవారీగా పాఠశాలల్లో తెలుగును తప్పనిసరి పాఠ్యాంశంగా చేసింది. అదే రాష్ట్రంలో 2022-23 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఆంగ్లమాధ్యమం ప్రవేశపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక పుటలో ఆంగ్లం, ఎదుటి పుటలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మాధ్యమం గురించిన వాదోపవాదాలు ఈ వ్యాసపరిధిలోనివి కావు. వాటి ఫలితం మాత్రం స్పష్టం. ఒకప్పుడు సాంఘికశాస్త్రంలో పంటల గురించి, సామాన్యశాస్త్రంలో నేలల గురించి తెలుగులో చదివిన విద్యార్థి రోజంతా తెలుగులో ఆలోచించి రాసేవాడు. ఇప్పుడు ఆ అవకాశం తెలుగు పీరియడుకే పరిమితమవుతోంది. పంట, నేల, పనిముట్టు, చేతిపని గురించి విద్యార్థి తెలుగులో రాయగల చోటు ఇక తెలుగు ప్రాజెక్టు పనే. అందువల్ల దీన్ని అనుబంధ అభ్యాసంగా చూడడం సరికాదు.

7. వ్యాకరణ బోధనతో అనుసంధానం:
సేకరించిన భాషను భాషాంశాల బోధనకు వాడుకోవచ్చు. సంధులను సాధారణంగా కావ్యభాష ఉదాహరణలతో నేర్పుతారు. విద్యార్థి ఇంట్లో నిత్యం ‘ఏమన్నాడు?’ అంటాడు. అందులో ‘ఏమి + అన్నాడు’ అన్న ఇత్వసంధి ఉంది. ‘ఎట్లున్నావు’లో ‘ఎట్లు + ఉన్నావు’ అన్న ఉత్వసంధి ఉంది. ‘ఎప్పుడొచ్చినావు’ మరింత ఆసక్తికరమైనది. ‘వచ్చినావు’ నోటి మాటలో ‘ఒచ్చినావు’ అయి అచ్చుతో మొదలవుతుంది. అప్పుడు ముందున్న ఉకారం లోపించి ఉత్వసంధి జరుగుతుంది. ఈ విశ్లేషణ ఎనిమిదో తరగతి విద్యార్థికి అందనిది కాదు. సంధి అన్నది పరీక్ష కోసం పుట్టినది కాదనీ, తన నోటిలో రోజూ జరిగేదేననీ గ్రహించిన విద్యార్థికి సూత్రం వల్లెవేయవలసిన భారంగా తోచదు.

8. ప్రశ్న రూపకల్పన - మూల్యాంకనం:
పై చర్చను బట్టి ప్రాజెక్టు ప్రశ్నకు ఒక్క గీటురాయి చాలు: దాని సమాధానం ఏ పుస్తకంలోనూ ఉండకూడదు. ‘పది సామెతలు సేకరించండి’ అనే బదులు ‘ఈ వారంలో మీ ఇంట్లోగాని, వీధిలోగాని విన్న రెండు సామెతలను, అవి ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో రాయండి’ అంటే గైడు పనికిరాదు. సంఖ్య పది నుంచి రెండుకు తగ్గింది. పని మాత్రం పెరిగింది. ‘జానపద గేయాన్ని సేకరించండి’ అన్నదానికి ‘ఆ పాట పాడినవారు దాన్ని ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఏ పని చేస్తూ పాడేవారు?’ అన్న రెండు ప్రశ్నలు చేర్చితే సేకరణ పరిశోధన అవుతుంది.

నిర్మాణాత్మక మూల్యాంకనంలో పిల్లల భాగస్వామ్యం - ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పనులు, లఘుపరీక్ష అన్న నాలుగు సాధనాలున్నాయి. తెలంగాణ అమలుచేస్తూ వచ్చిన పద్ధతిలో 20 మార్కులలో ప్రాజెక్టుకు 5 మార్కులు. ఆ కొద్ది మార్కులనైనా దస్తూరికీ, అలంకరణకూ కాక కింది అంశాలకు కేటాయించడం సముచితం.

అ) వక్త పేరు, ఊరు, వయసు, సేకరించిన తేదీ నమోదు చేశాడా? పేరు రాయడానికి వక్త అనుమతి అడిగాడా?
ఆ) విన్న మాటను విన్నట్లే రాశాడా, గ్రాంథికంగా దిద్దాడా?
ఇ) ప్రయోగ సందర్భం వివరించాడా?
ఈ) తోటి విద్యార్థి సేకరణతో పోల్చి ఒక్క వాక్యమైనా చెప్పగలిగాడా?

ఇవి పరిశోధక విద్యార్థికి బోధించే క్షేత్రపరిశోధన నియమాలే. పన్నెండేళ్ల వయసులో అలవడితే పరిశోధన స్థాయిలో కొత్తగా నేర్పవలసిన పని ఉండదు.

9. ముగింపు:
ప్రాథమికోన్నత తరగతుల తెలుగు వాచకంలో ప్రాజెక్టు పని చివరన ఉంటుంది. చివరన ఉండడం వల్లనే సమయం చాలనప్పుడు ముందుగా కోతపడేదీ అదే. విద్యార్థి సొంత భాష తరగతిలోకి రావడానికి ఉన్న దారి కూడా అదే. సమాధానం ముందే తెలిసిన ప్రశ్న నకలును కోరుతుంది. తెలియని ప్రశ్న సేకరణను కోరుతుంది. ప్రశ్నను ఈ విధంగా మార్చడానికి కొత్త వాచకం గాని, అదనపు నిధులు గాని అక్కరలేదు. సేకరించిన పట్టికలను బడిలో భద్రపరచి, సమీప కళాశాలల తెలుగు శాఖలు వాటిని పరిశీలించే ఏర్పాటు చేసుకొంటే మాండలిక వృత్తి పదకోశం ఆరంభించిన కృషికి పిల్లల చేతిరాతలో కొనసాగింపు లభిస్తుంది. ఆ మాటలు తెలిసిన పెద్దలు ఉండగానే ఆ ఏర్పాటు జరగవలసి ఉంది.